డోలులో జీర

మొన్న ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఇద్దరు మిత్రులు మూడు గంటలపాటు వాదించుకున్నారు. రాజకీయం కాదు, సినిమా కాదు, ఛందస్సు అంతకన్నా కాదు. ఇత్తడి గొప్పదా, మేపుల్ కర్ర గొప్పదా అన్నది వారి తగవు. ఇద్దరూ డ్రమ్ములు వాయించేవారే. తగవుకు మూలం స్నేర్ డ్రమ్ము. చివరికి ఇద్దరూ నావైపు తిరిగి "నువ్వు చెప్పు" అన్నారు. నేను కాఫీ కలిపే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

నాకు అభిప్రాయం లేక కాదు. ఒకప్పుడు ఇదే విషయం మీద ఒకరికి గట్టిగా చెప్పాను, తప్పుగా చెప్పాను. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది నేను కాదు, నా మాట విన్నవారు. ఆ సాయంత్రం మిత్రులకు చెప్పలేకపోయినది ఈ టపాలో తీరికగా చెప్పుకుందామని కూర్చున్నాను. పుస్తకాల గురించీ పద్యాల గురించీ రాసుకునే చోట ఈ డోళ్ల గోలేమిటని విసుక్కోకండి. కాస్త ఓపిక పడితే ఇందులో మాటల సంగతీ ఉంది, పేరు లేని చేతుల సంగతీ ఉంది.

ముందుగా ఈ వాద్యంతో పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు. పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం వారు మెడకు తగిలించుకొని రెండు పుల్లలతో చిటపటమని వాయించే సైడు డ్రమ్మును మీరందరూ చూసే ఉంటారు. స్నేర్ డ్రమ్ము దానికి దగ్గరి చుట్టం. సాధారణంగా పద్నాలుగు అంగుళాల వ్యాసం, అయిదు మొదలుకొని ఆరున్నర అంగుళాల లోతు. రెండు ముఖాలు. పై ముఖాన్ని పుల్లతో కొడతాం. కింది ముఖానికి అతి పలుచని పొర ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ పొరను ఆనుకొని, స్ప్రింగులా చుట్టిన సన్నని ఉక్కు తీగలు ఇరవై దాకా అడ్డంగా బిగించి ఉంటాయి. పైన దెబ్బ పడగానే లోపలి గాలి కింది పొరను తోస్తుంది, పొర తీగలను ఎగరేస్తుంది, తీగలు తిరిగి వచ్చి పొరను కొడతాయి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. మనకు వినిపించే "ఛట్" అనే శబ్దంలో సగం పుల్లది, సగం ఆ తీగలది. పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని వదిలితే తీగలు కిందికి జారిపోతాయి. అప్పుడదే డోలు తన స్వభావం మార్చుకొని బోలుగా, "టంగ్"మని పలుకుతుంది.

ఈ తీగలు చేసే పనికి తెలుగులో నాకు నచ్చిన మాట 'జీర'. గొంతులో జీర అంటాం కదా, అదే. నునుపైన ధ్వనిలో కలిసే సన్నని గరుకు. తంబురా మెట్టు మీద తీగ కింద చిన్న దారప్పోగు పెట్టి సవరిస్తారు. ఆ పోగు సరైన చోట నిలిచిన క్షణాన తీగ గుంయ్‌మని నిండుగా పలుకుతుంది. మృదంగం కుడివైపు పొరల మధ్య సన్నని పుల్ల ముక్కలు దూర్చి జీర రప్పించే పద్ధతి ఉంది, దాన్ని కుచ్చి మృదంగం అంటారు. చిన్న రాతి ముక్కలతో అదే పని చేసేది కప్పి మృదంగం. ఈ రెంటిలో ఏది మేలన్న చర్చ దక్షిణాది విద్వాంసులలో ఉన్నదే. అంటే డోలు నాదాన్ని కొంచెం చెడగొట్టి బాగుచేయడం అనే ఆలోచన ఐరోపా సైనిక దళాల సొత్తేమీ కాదు. మనిషి ఎక్కడ డోలు కట్టినా, నాదం మరీ నునుపుగా ఉంటే అతనికి ఏదో వెలితిగా తోచిందన్నమాట.

సరే, ఇక వాదానికి వద్దాం. డ్రమ్మర్లు నలుగురు చేరితే వచ్చే మొదటి ప్రశ్న "షెల్ దేనిది?" అని. షెల్ అంటే డోలు ఒడలు. ఇత్తడిదైతే నిండుగా, మెరుపుగా ఉంటుందంటారు. అల్యూమినియానిది పొడిగా ఉంటుందంటారు. ఉక్కు కటువు, మేపుల్ వెచ్చన, బర్చ్ పదును. ఈ విశేషణాలన్నీ ఇంగ్లీషు నుండి దిగుమతి చేసుకున్నవే. మన బజార్లలో కూడా కుర్రాళ్లు ఇవే మాటలు వాడతారు. వెచ్చని శబ్దమంటే ఏమిటని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు.

మా అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు ఎడమ అరచేతిలో కుండను నిలిపి, కుడిచేతి మెటికతో మూడు చోట్ల తట్టేది. ఖణీమంటే తీసుకునేది. బొదబొదమంటే పక్కన పెట్టేది. "ఇది గుల్ల పలుకుతోందయ్యా, సరిగ్గా కాలలేదు" అని కుమ్మరితో అనేది. అతను కాదనేవాడు కాదు. ఖంగు, ఠంగు, ఫెళ్లు, ఛట్టు, గరగర, జరజర, డబడబ, బొంగురు, బోలు, గుల్ల, జీర. ధ్వనిని పోల్చుకోవడానికి మనకున్నన్ని మాటలు ఉండగా, అరువు తెచ్చుకున్న విశేషణాలతో తగవులాడుకోవడం నాకు ఎప్పుడూ చిత్రంగానే ఉంటుంది. పైగా 'వెచ్చన' అన్న మాట శబ్దాన్ని వినకముందే దాన్ని మెచ్చుకుంటుంది. 'గుల్ల' అన్న మాట విన్న తరువాతే పుడుతుంది.

ఒడలి మీద ఈ మోజు ఎంత విచిత్రమైనదో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. షికాగో నగరంలోని లుడ్విగ్ కంపెనీ 1960ల తొలినాళ్లలో సుప్రాఫోనిక్ అనే స్నేరును అమ్మకానికి తెచ్చింది. త్వరలోనే దాని ఒడలు అల్యూమినియానికి మారింది. పైన క్రోమియం పూత, చుట్టూ పది బిగింపులు. రికార్డింగులలో అంతగా వినిపించిన స్నేరు మరొకటి లేదని చాలామంది అంటారు. లెడ్ జెప్లిన్ బృందంలోని జాన్ బోనమ్ వాయించిన ఆరున్నర అంగుళాల లోతు స్నేరు ఈ కుటుంబానిదే. అదే దశాబ్దంలో అదే కంపెనీ బడిపిల్లల కోసం అక్రొలైట్ అనే చవక రకాన్ని కూడా అమ్మింది. దాని ఒడలు కూడా అదే అతుకులేని అల్యూమినియం. తేడా అల్లా పైన క్రోమియం లేదు, బిగింపులు పదికి బదులు ఎనిమిది. ఏళ్ల తరబడి డ్రమ్మర్లు మొదటిదాన్ని అపురూపంగా చూసుకున్నారు, రెండోదాన్ని అటక మీద పడేశారు. అల్యూమినియం మీద క్రోమియం సరిగా నిలవదు కనుక ఖరీదైన వాటి పూత కాలక్రమాన పొక్కులు లేచి రాలిపోయింది. అక్రొలైట్లకు ఆ బెడద లేదు. తరువాతెప్పుడో ఎవరో అటక మీది నుండి దించి, తోలు మార్చి వాయించి చూశారు. ఇప్పుడు పాత అక్రొలైట్ల కోసం వెతుకులాడేవారు ఎందరో. డోలు అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. మారింది మన చూపు.

మరి శబ్దాన్ని నిజంగా మార్చేదేమిటి? నా అనుభవంలో మొదటిది తోలు. ఈ సంగతి డప్పు వాయించేవారికి మనకన్నా బాగా తెలుసు. వాయించే ముందు చితుకుల మంట వేసి డప్పును కాచుకుంటారు. చెమ్మ ఇంకి తోలు బిగిసి, కణకణమని పలికేదాకా కుడిచేతి సిర్ర గాని ఎడమచేతి చిటికెన పుల్ల గాని దాని మీద వేయరు. పడమటి దేశాల డ్రమ్మర్లు కూడా 1950ల మధ్య దాకా దూడతోలుతో ఇవే తిప్పలు పడ్డారు. ముసురు పట్టిన రోజున స్నేరు మూగబోయేది. 1956-57 ప్రాంతాల్లో చిక్ ఇవాన్స్, రెమో బెల్లీ వంటివారు పాలియెస్టర్ పొరతో హెడ్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది. ఒక్క తరంలో స్నేరు ధ్వని మొత్తం మారిపోయింది. ఒడళ్లు మాత్రం ఎప్పటివే.

రెండోది బిగింపు. చుట్టూ ఉన్న బోల్టులన్నీ సమంగా బిగిసి ఉన్నాయా, పై ముఖానికీ కింది ముఖానికీ మధ్య శ్రుతి ఎంత దూరంలో ఉంది, తీగలు మరీ నొక్కుకుపోయి ఊపిరాడకుండా ఉన్నాయా లేక వదులై గరగరమంటున్నాయా, ఇవన్నీ అందులోకే వస్తాయి. 2003లో మెటాలికా బృందం విడుదల చేసిన సెయింట్ యాంగర్ సంగీతం గుర్తున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అందులో లార్స్ ఉల్రిక్ స్నేరు తీగలను వదిలేసి వాయించాడు. రేకుడబ్బా మోతలా ఉందని అభిమానులు గోల పెట్టారు. ఆ గోల ఇరవై ఏళ్లు దాటినా పూర్తిగా చల్లారలేదు. ఇత్తడి, మేపుల్ మధ్య ఏ తేడా ఇంతమందిని కదిలించలేదు. ఒక్క చిన్న మీట కదిలించింది.

మూడోది గది, నాలుగోది యంత్రం. 1980లో విడుదలైన పీటర్ గాబ్రియేల్ మూడవ ఆల్బమ్ కోసం ఫిల్ కాలిన్స్ డ్రమ్ములు వాయిస్తుండగా, గది ప్రతిధ్వనిని బాగా పెంచి, అది సహజంగా చల్లారేలోపే కత్తిరించే పద్ధతి ఒకటి స్టూడియోలో రూపు కట్టింది. 1981లో కాలిన్స్ సొంత పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్'తో అది లోకమంతా పాకింది. ఆ దశాబ్దపు సినిమా పాటల్లో, మన పాటల్లో కూడా, తుపాకి పేలినట్టు వినిపించే డ్రమ్ము దెబ్బలకు బంధుత్వం అక్కడే. ఆ ధ్వని ఏ దుకాణంలోనూ దొరకదు. అయినా దాని కోసం దుకాణాలు తిరిగినవారిలో నేనూ ఒకణ్ణి.

ఇక నా తప్పు సంగతి.

2011లో మా తెనాలి వైపు కుర్రాడొకడు హైదరాబాదు వచ్చాడు. వాళ్ల నాన్నగారు పెళ్లిళ్ల బ్యాండులో సైడు డ్రమ్ము వాయించేవారు. కుర్రాడు చిన్నప్పటి నుండి ఆ డ్రమ్ము మీదే చెయ్యి తిప్పుకున్నాడు. ఇక్కడొక పాటల బృందంలో చేరాక నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నా స్నేరు బాగా మోగడం లేదు. అందరూ నవ్వుతున్నారు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. సంచిలోంచి తీసి చూపించాడు. నిలువెత్తు పాత బ్యాండు డ్రమ్ము. మీరట్ జలీ కోఠీ బజారు నుండి దేశం నలుమూలలకూ వెళ్లే రకం. ఎర్ర రంగు పెచ్చులూడి, అంచు ఒకచోట సొట్టపడి ఉంది. హెడ్ నడిమి భాగం గిన్నెలా లోపలికి దిగిపోయింది.

నేను దాన్ని చేతిలోకి తీసుకోలేదు. తట్టి చూడలేదు. నా గదిలో మూడు మంచి స్నేర్లు వరుసగా పెట్టుకొని కూర్చున్న మనిషిని. "ఇది ఊరేగింపు డబ్బా. దీంతో లాభం లేదు. మంచి ఇత్తడి స్నేరు కొనుక్కో" అన్నాను. పేరు చెప్పాను, దుకాణం చెప్పాను. ముప్పై వేల పైచిలుకు ధర. కుర్రాడు తలూపి వెళ్లాడు. వాళ్లమ్మగారు చీటీ పాడి డబ్బు పంపారని తరువాత తెలిసింది.

ఆరు నెలల తరువాత ఒక కార్యక్రమంలో అతని వాయింపు విన్నాను. స్నేరు మూగగా, చప్పగా మోగుతోంది. కార్యక్రమం అయ్యాక పలకరిస్తే తలవంచుకొని "నా చెయ్యే బాగోలేదు అన్నా. అంత మంచి డ్రమ్ము కొన్నా పలకడం లేదు" అన్నాడు. దగ్గరికి వెళ్లి చూశాను. పది బోల్టుల్లో నాలుగు బిగుతుగా, ఆరు వదులుగా ఉన్నాయి. తీగలను చివరికంటా బిగించేశాడు. డ్రమ్ కీ తీసి, ఎదురెదురు బోల్టులను జంటలుగా సవరిస్తూ, అరగంట కూర్చున్నాను. తీగలు కొంచెం వదిలాను. డోలు నోరు విప్పింది. కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. నేను ఆరు నెలల కింద చెప్పవలసింది ఇదే. కొత్త హెడ్డు ఒకటి, అరగంట కాలం. ముప్పై వేలు కాదు.

ఆ తరువాత సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను, ఒకరకంగా క్షమాపణ చెప్పుకుందామని. పెద్దాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇప్పించారు. పాత డ్రమ్ము ఏదని అడిగాను. కొత్తదానికి కొంచెం డబ్బు తక్కువైతే పాత సామాన్ల కొట్లో తూకానికి ఇచ్చేశామన్నారు.

"తూకానికా?" అన్నాను.

"అవును బాబూ. అది ఇత్తడిదే కదా. మీరు కొనమన్నదీ ఇత్తడిదేనట గదా" అన్నారాయన.

ఆయన గొంతులో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. కాసేపాగి, "దాని ఒళ్లు పాడవలేదు బాబూ, పైనది మార్చుకుంటే సరిపోయేది. ఇరవై రెండేళ్లు వాయించాను" అన్నారు. ఎర్ర రంగు కింద ఇత్తడి ఉందని నాకు తెలియదు. ఒక్కసారి మెటికతో తట్టి ఉంటే తెలిసేది. మా అమ్మమ్మ రెండు రూపాయల కుండకు చేసిన మర్యాద, ఒక మనిషి ఇరవై రెండేళ్ల జీవనాధారానికి నేను చెయ్యలేకపోయాను. నేను డోలును వినలేదు, చూశాను. ఇంకా నిజం చెప్పాలంటే, అది ఎవరి మెడలో వేలాడిందో చూశాను.

మన దేశంలో డోళ్లను పోల్చడం ఎప్పుడూ కేవలం శబ్దానికి సంబంధించిన విషయం కాదు. సభలో మోగే డోలు వేరు, వీధిలో మోగే డోలు వేరు, చావుకు మోగే డోలు వేరని మనకు పుట్టినప్పటి నుండి నేర్పుతారు. తోలు తీసేవారు, కట్టేవారు, కాచేవారు, వాయించేవారు, కూర్చొని వినేవారు, అందరికీ మెట్లున్నాయి. కచేరీ మృదంగం పొరలూ పశుచర్మాలే, డప్పుదీ పశుచర్మమే. ఒకదాని నాదాన్ని నాదమంటాం, రెండోదాన్ని మోత అంటాం. నేను 'ఊరేగింపు డబ్బా' అన్నప్పుడు నా నోట పలికింది సంగీత జ్ఞానమని ఆనాడు అనుకున్నాను. ఈనాడు అంత ధీమాగా అనుకోలేను.

ఆ ఊరి నుండి తిరిగొచ్చాక ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. శాస్త్రీయమైనదని చెప్పను, నా మనశ్శాంతి కోసం చేసుకున్నది. మూడు స్నేర్లు తీసుకున్నాను. ఒకటి ఇత్తడి, ఒకటి అల్యూమినియం, ఒకటి మేపుల్. మూడింటికీ ఒకే రకం కొత్త హెడ్లు, ఒకే రకం తీగలు వేశాను. వీలైనంత ఒకే శ్రుతికి తెచ్చాను. దుప్పటి అడ్డం కట్టి, ఇద్దరు మిత్రులు వంతులవారీగా వాయిస్తుంటే, మిగిలినవాళ్లం నలుగురం ఇవతల కూర్చొని రాసుకున్నాం. ఏ దెబ్బ ఏ డోలుదో చెప్పడంలో మా నలుగురి ఫలితం కళ్లు మూసుకొని చీటీ తీసినట్టే వచ్చింది. నేను నా సొంత డోలునే రెండుసార్లు పోల్చుకోలేకపోయాను. కానీ ఎవరు వాయిస్తున్నారన్నది ఒక్కసారి కూడా ఎవరం పొరబడలేదు. ఒకడి మణికట్టు బరువు, ఇంకొకడి పుల్ల చివరి తేలిక, దుప్పటి చాటు నుండి కూడా ముఖం చూసినట్టే తెలిసిపోయాయి.

అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఒడలికి అసలు ప్రభావమే లేదనడం లేదు. పుల్లతో అంచునూ తోలునూ ఒకేసారి గట్టిగా కొట్టే రిమ్‌షాట్‌లో లోహం మోగినట్టు కర్ర మోగదు. మందమైన కంచు ఒడలున్న డోలును చిన్న గదిలో కొడితే చెవులు గింగురుమంటాయి. అన్నిటికన్నా బలమైన వాదన ఇంకొకటి. వాయించేవాడి చెవి డోలుకు రెండడుగుల దూరంలో ఉంటుంది, శ్రోత చెవి యాభై అడుగుల దూరంలో ఉంటుంది. శ్రోతకు వినిపించని తేడా వాయించేవాడికి వినిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. నచ్చిన డోలు ముందు కూర్చున్నవాడు వేరుగా వాయిస్తాడు. కాబట్టి మంచి డోలు కొనుక్కోవడం వృథా అని నేననను. నా మూడు స్నేర్లనూ నేను అమ్ముకోలేదు, అమ్ముకోబోవడం లేదు. నేననేదల్లా వరుస తప్పిందని. ముందు చెయ్యి, తరువాత తోలు, తరువాత బిగింపు, తరువాత తీగలు, తరువాత గది, అన్నిటికన్నా చివర ఒడలు. మన సంభాషణలు సరిగ్గా తలకిందులుగా నడుస్తున్నాయి. చివరిది ముందు అడుగుతున్నాం, మొదటిదాన్ని అసలు అడగడమే లేదు.

చేతిని అడగకపోవడం వల్ల జరిగిన అన్యాయాలు చిన్నవి కావు. జేమ్స్ బ్రౌన్ బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మరు ఉండేవారు. 1969లో రికార్డు చేసిన 'ఫంకీ డ్రమ్మర్' అనే పాటలో కొద్ది క్షణాలపాటు మిగతా వాద్యాలు ఆగిపోయి ఆయనొక్కరే వాయిస్తారు. గట్టి దెబ్బల మధ్య, స్నేరు మీద గుసగుసలాడినట్టు పుల్ల చివరతో వేసే అతి మెత్తని దెబ్బలుంటాయి. వాటిని డ్రమ్మర్లు దెయ్యపు దెబ్బలంటారు, వినీ వినపడనట్టుంటాయి కనుక. ఆ మెత్తని దెబ్బలే ఆ ముక్కకు ప్రాణం. 1980ల నుండి హిప్‌హాప్ కళాకారులు దాన్ని కత్తిరించి ఎన్ని వందల పాటల్లో అతికించుకున్నారో లెక్కలేదు. పబ్లిక్ ఎనిమీ 1989లో చేసిన 'ఫైట్ ది పవర్'లోనూ అదుంది. పాట రచయితగా పేరు బ్రౌన్‌దే. డోలు దెబ్బల వరుస రచన కిందికి రాలేదు గనుక, 2017లో చనిపోయేదాకా స్టబుల్‌ఫీల్డ్‌కు వాటి నుండి దక్కింది దాదాపు శూన్యం.

అదే 1969లో విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట చేసింది. గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు అందులో సుమారు ఏడు సెకన్లు ఒంటరిగా వాయించారు. ఆ ఏడు సెకన్లను ముక్కలు చేసి, వేగం పెంచి, ఇంగ్లండులో జంగిల్ అనే ఒక సంగీతరీతినే నిర్మించారు. ప్రపంచంలో అత్యధికంగా తిరిగి వాడుకోబడిన ధ్వని ఖండాలలో అదొకటి. కోల్‌మన్ 2006లో చనిపోయారు. ఆయనకు దాని మీద రాయల్టీ ఏదీ అందలేదు. ఆ ముక్కను వాడుకున్నవారిలో ఎవరికీ స్నేరు ఒడలు ఏ లోహమో తెలుసుకోవలసిన అవసరం రాలేదు. వారు తీసుకున్నది ఆయన చేతిని.

మనమూ తక్కువ తినలేదు. పాట అనగానే పాడినవారి పేరు, రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు చెబుతాం. క్యాసెట్ అట్టల మీద అంతవరకే అచ్చయ్యేది. ఇళయరాజా పాటల్లో డ్రమ్ములు వాయించిన పురుషోత్తమన్ చేతులు మన ఇళ్లలో ఎన్ని వేలసార్లు మోగి ఉంటాయో. ఆ పేరు తెలిసిన తెలుగు శ్రోతలెందరు? శివమణి ఒక్కరికి పేరు దక్కింది, సంతోషమే. ఆయన కచేరీలలో సూట్‌కేసు మీదా నీళ్ల డబ్బాల మీదా వాయిస్తుంటే జనం చప్పట్లు కొడతారు. అదేదో గారడీ అనుకుంటాం గాని, ఆయన చెబుతున్నది సూటి మాటే. చెయ్యి ఉంటే డోలు ఎక్కడైనా దొరుకుతుందని. అదే మాట తెనాలి పెద్దాయన ఇరవై రెండేళ్లు వీధుల్లో చెప్పారు. ఆయనకు మనం చప్పట్లు కొట్టలేదు, బ్యాండువాళ్లకు భోజనం పెట్టారా అని మాత్రం అడిగాం. కొన్నిచోట్ల అదీ అడగలేదు.

కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. అతనిప్పుడు బాగానే వాయిస్తున్నాడు. డోలు సవరించడం నాకన్నా బాగా నేర్చుకున్నాడు. చిన్నపిల్లలకు పాఠాలు కూడా చెబుతున్నాడు. కిందటేడాది వెళ్లి చూశాను. మొదటి రోజు పాఠంలో పిల్లల చేతికి పుల్లలివ్వడు. డోలు చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కొక్క బోల్టు దగ్గర వేలితో తట్టించి, "ఏమంటోంది?" అని అడుగుతాడు. ఒక పిల్ల "ఠంగంటోంది" అంటుంది. ఇంకొకడు "ఇక్కడ గుల్లగా ఉంది సార్" అంటాడు. అప్పుడు కీ అందిస్తాడు. ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగాను. "మీరే అన్నా, ఆ అరగంటలో" అన్నాడు. తట్టి చూడకుండా తీర్పు చెప్పిన మనిషికి ఇంతకన్నా మంచి శిక్ష ఉంటుందని నేననుకోను.

మొన్నటి మిత్రులకు నా జవాబు ఇదే. వచ్చే ఆదివారం మళ్లీ రండి, కానీ ఇత్తడి, మేపుల్ అన్న మాటలు గుమ్మం బయట వదిలి రండి. దుప్పటి అడ్డం కడతాను. మీ చేతులు వింటాను.

సాటి బ్లాగరులకు ఒక విన్నపం. మీ ఊళ్లో డోలు, డప్పు, తాషా, సన్నాయి మేళంలోని డోలు, ఏదైనా సరే, వాయించిన మనిషి పేరు మీకు గుర్తుంటే మీ టపాల్లో ఒక్క వాక్యమైనా రాయండి. శబ్దాన్ని ఏ మాటతో చెబుతారో అది కూడా రాయండి. మా ఊళ్లో అనే మాట మీ ఊళ్లో ఉండకపోవచ్చు. తెనాలి పెద్దాయన పేరు నాకు తెలుసు. ఆయన అనుమతి అడిగాను. "ఎందుకులే బాబూ" అన్నారు. అందుకని రాయడం లేదు. మరోసారి అడుగుతాను.